చేపు రహస్యం విప్పిన డూ వీన్యో

పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి చేపు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పట్నం మిత్రులకి మాత్రం చెప్పాలి. గేదె పొదుగు నిండా పాలున్నా, కూర్చుని చన్ను లాగినంత మాత్రాన రావు. ముందు దూడని విడవాలి. అది నాలుగు గుటకలు చప్పరించి, తలతో పొదుగుని రెండు కుమ్ములు కుమ్మేసరికి గేదె ఒళ్లు వదులు చేసి నిలబడుతుంది. చన్నులు నిండుగా బిగుస్తాయి, పాలు దిగుతాయి. అదీ చేపు. చేపిందంటే ఇక చెంబు పట్టుకుని కూర్చోవడమే. చేపకపోతే తవుడు పెట్టినా, వీపు నిమిరినా, తిట్టినా చుక్క రాదు.

ఈ చేపు వెనక ఒక పదార్థం ఉంది. దాని పేరు ఆక్సిటోసిన్. త్వరగా కాన్పు అని అర్థం వచ్చే రెండు గ్రీకు మాటల నుంచి ఆ పేరు పుట్టింది. ఈమధ్య పత్రికలవాళ్లు దానికి ప్రేమ హార్మోను అని ముద్దుపేరు పెట్టారు. ఆ ముద్దుపేరు సంగతి తర్వాత చూద్దాం. ఆ పదార్థాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి చూసి, మళ్లీ ఆ ముక్కల్ని గాజుబుడ్డిలో కూర్చి, తల్లి శరీరం చేసే పని మనిషి చేసిన మందు కూడా చేస్తుందని నిరూపించినవాడు విన్సెంట్ డూ వీన్యో. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకి దక్కేది ఒక్క లైను. నేను ఆయన జీవితం రాయడానికి పూనుకున్నది నోబెల్ బహుమానం వచ్చిందని కాదు, ఆయనా ఒకప్పుడు చేత్తో పాలు పితికినవాడే అని తెలిసి.

1901 మే 18న అమెరికాలోని షికాగో నగరంలో ఆయన పుట్టాడు. తండ్రి యంత్రాల నమూనాలు తయారుచేసేవాడు. వాళ్లది ఫ్రెంచి సంతతి, అందుకే ఆ ఇంటిపేరు పలకడం కొంచెం తిప్పలు. హైస్కూల్లో ఉండగా ఇద్దరు స్నేహితులతో కలిసి ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఆ వయసు కుర్రాళ్లు ప్రయోగశాల పెడితే ఏం చేస్తారు? గంధకం కలిపి పేలుడు మందులు చేశారు. ఇది నవ్వులాటగా కనిపించవచ్చుగాని గంధకం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1918 నాటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. పొలాల్లో పనిచేసేవాళ్లు లేక, హైస్కూలు చివరి తరగతి పిల్లల్ని వ్యవసాయ పనులకి వెళ్లనిచ్చారు. విన్సెంట్ ఇలినాయ్ రాష్ట్రంలో కాలడోనియా అనే ఊరి దగ్గర ఒక కమతంలో చేరాడు. నగరంలో పెరిగిన కుర్రాడు అక్కడ ఆవుల పాలు పితకడం నేర్చుకుని అందులో ఆరితేరాడు. ఎంత నచ్చిందంటే ఇక రైతునే అవుతానన్నాడు. అక్క బియాట్రిస్ పట్టుబట్టి రసాయనశాస్త్రం చదవమని ఒప్పించింది. మన ఇళ్లల్లో పొలం వద్దు చదువుకో అని తరిమే అక్కలూ అమ్మలూ ఎందరో ఉన్నారు. షికాగోలోనూ ఉన్నారన్నమాట.

ఇలినాయ్ యూనివర్సిటీలో చదువుతూ, ఖర్చులకి భోజనశాలలో వడ్డన పని చేశాడు. అక్కడే జెల్లా జోన్ ఫోర్డ్ అనే విద్యార్థిని పరిచయమైంది. ఆమెది ఇంగ్లీషు సాహిత్యం. ఈయన చెప్పగా చెప్పగా రసాయనశాస్త్రం కూడా చదివి, తర్వాత ఆ సబ్జెక్టుకే టీచరైంది. 1924లో ఇద్దరికీ పెళ్లయింది. అదే సంవత్సరం ఆయన కార్ల్ మార్వెల్ దగ్గర ఎమ్మెస్సీ పూర్తిచేశాడు.

దానికి కాస్త ముందే టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. దాని గురించి ప్రొఫెసరు రోజ్ చెప్పిన ఉపన్యాసం విని ఈయన ఇక ఆ గొడవలోనే పడ్డాడు. ఇన్సులిన్‌లో గంధకం ఉంది. ఆ గంధకం అందులో ఏం చేస్తోంది? ఈ ఒక్క ప్రశ్న మీద రోచెస్టర్‌లో 1927లో పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో ఏబెల్ దగ్గర, జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో బెర్గ్‌మన్ దగ్గర, ఎడిన్‌బరోలో బార్జర్ దగ్గర, లండన్‌లో హారింగ్టన్ దగ్గర పనిచేశాడు. బెర్గ్‌మన్ దగ్గర నేర్చింది ముఖ్యం. ఎమైనో ఆమ్లాల్ని ఒకదానికొకటి గొలుసులా ఎలా ముడివెయ్యాలో ప్రపంచంలో అప్పుడు బాగా తెలిసిన చోటు అదే. 1932లో వాషింగ్టన్‌లోని జార్జి వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యకళాశాలలోనూ, 1938 నుంచి న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్యకళాశాలలోనూ జీవరసాయనశాఖకి అధిపతి అయ్యాడు. హోమోసిస్టీన్ అనే గంధకపు ఎమైనో ఆమ్లాన్ని కనుక్కోవడం, 1942లో బయోటిన్ అనే విటమిను నిర్మాణం తేల్చడం, యుద్ధకాలంలో పెన్సిలిన్ పని – ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో మనిషి జీవితానికి సరిపోయేవే. నాకు చోటు చాలదు కనుక దాటిపోతున్నాను.

ఇప్పుడు పీయూష గ్రంథి దగ్గరికి రావాలి. మెదడు అడుగున శనగగింజంత ఉండే గ్రంథి అది. 1906లో లండన్‌లో హెన్రీ డేల్, ఆ గ్రంథి వెనకభాగం రసం ఎక్కిస్తే పిల్లి గర్భాశయం గట్టిగా ముడుచుకుంటుందని గమనించాడు. ఆయన నిజానికి వేరే మందు గురించి పరిశోధిస్తున్నాడు, ఇది మధ్యలో తగిలింది. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అదే రసం మేకకి ఎక్కిస్తే పాలు దిగాయని చూపించారు. కాన్పు గదుల్లో డాక్టర్లు ఆ రసాన్ని వాడడం మొదలుపెట్టారు. చిక్కేమిటంటే అదే రసం రక్తపోటునీ పెంచుతుంది. 1928లో పార్క్ డేవిస్ కంపెనీలో కామ్ అనే ఆయన బృందం రెండు గుణాల్నీ రెండు భాగాలుగా విడదీసింది. గర్భాశయం మీద పనిచేసేది ఆక్సిటోసిన్, రక్తపోటు పెంచేది వాసోప్రెసిన్. అయినా అవి పూర్తిగా శుభ్రపడలేదు. ఇవి చిన్న పదార్థాలా, లేక ఏదో పెద్ద ప్రోటీనులో ముక్కలా అన్న వాదన చాలాకాలం సాగింది.

ఈలోగా చేపు ఎలా జరుగుతుందో పశువుల శాస్త్రం వాళ్లు తేల్చారు. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చోట కొన్ని నరకణాలున్నాయి. అవి ఆక్సిటోసిన్ తయారుచేసి, తమ పొడుగాటి తోకల వెంట కిందికి, పీయూష గ్రంథి వెనకభాగంలోకి పంపుతాయి. అక్కడ అది నిలవ ఉంటుంది. దూడ నోరు చన్నుకి తగిలిన కబురు వెన్నుపాము వెంట మెదడుకి చేరగానే ఆ నిలవ రక్తంలోకి దిగుతుంది. పొదుగులో పాలు ఊరే చిన్నచిన్న తిత్తులున్నాయి, ఒక్కొక్క తిత్తి చుట్టూ బుట్ట అల్లినట్టు సన్నని కండరకణాలున్నాయి. ఆక్సిటోసిన్ చేరగానే ఆ బుట్ట బిగుస్తుంది, తిత్తిలోని పాలు గొట్టాల్లోకి వస్తాయి. గేదెకి పాలు ఎక్కువభాగం ఆ తిత్తుల్లోనే ఉంటాయి గనక అది చేపకపోతే ఆవుకన్నా ఎక్కువ ఇబ్బంది. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పాలు పితికే వేళ ఆవుల పక్కన కాగితం సంచులు ఠపీమని పేల్చి బెదరగొట్టారు. పాలు ఆగిపోయాయి. బెదురులో పుట్టే ఎడ్రినలిన్ చేపుకి అడ్డం పడుతుందన్నమాట. పాలు తీసేచోట అరవొద్దని పిల్లల్ని కసురుకునే మా పెద్దవాళ్లకి ఎడ్రినలిన్ పేరు తెలియదు, అంతే తేడా.

డూ వీన్యో 1930ల మొదట్లోనే ఈ రసాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గంధకం ఇందులోనూ ఉంది, ఆయనకి అది చాలు. యుద్ధం వచ్చి పెన్సిలిన్ కోసం పక్కన పెట్టవలసి వచ్చింది. యుద్ధం అయ్యాక తిరిగి అందుకున్నాడు. మొదటి పని, మచ్చలేని ఆక్సిటోసిన్ సంపాదించడం. పశువుల పీయూష గ్రంథుల పొడిలో అది ఉండేది అతి కొంచెం. రాక్‌ఫెల్లర్ సంస్థలో క్రెయిగ్ అనే ఆయన అప్పుడే ఒక పద్ధతి కనిపెట్టాడు. నూనె, నీళ్లలాగ ఒకదానితో ఒకటి కలవని రెండు ద్రవాల్ని వరుస గొట్టాల్లో పోసి, ఒకటి ముందుకి జరుపుతూ ఒకటి నిలుపుతూ పోతే, ఒక్కొక్క పదార్థం తనకి ఇష్టమైన ద్రవాన్ని పట్టుకుని వేరే గొట్టంలో తేలుతుంది. మనం వడ్లు తూర్పారబట్టినట్టే, కాకపోతే ఇక్కడ గాలి బదులు ద్రవం. దీంతో ఆక్సిటోసిన్ శుభ్రంగా విడివడింది. తర్వాత అదే సంస్థలోని మూర్, స్టయిన్‌ల పద్ధతితో అందులో ఏమున్నాయో లెక్కపెట్టారు.

లెక్క చూస్తే ఆశ్చర్యం. పెద్ద ప్రోటీనేమీ కాదు. ఎనిమిది రకాల ఎమైనో ఆమ్లాలు, ఒక్కొక్కటీ ఒకే పాలు చొప్పున, వాటితో మూడు పాళ్లు అమ్మోనియా. అంతే. అందులో సిస్టీన్ అనేది జంట, విడదీసి లెక్కేస్తే మొత్తం తొమ్మిది. అణుభారం సుమారు వెయ్యి. ఇంత చిన్న వస్తువు ఇంత పెద్ద పనులు చేస్తోంది! ఇక ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఉందో తేల్చాలి. ఒక్కొక్క కొస నుంచి ఒక్కొక్కటి తెంపుతూ, మధ్యలో విరగ్గొట్టి చూస్తూ, చివరికి 1953లో వరస దొరికింది. అదే సంవత్సరం వియన్నాలో హాన్స్ టుప్పీ కూడా వేరేగా అదే వరస తేల్చాడు. ఆరు ముక్కల గుండ్రని కట్టు, దానికి మూడు ముక్కల తోక. కట్టు విడిపోకుండా పట్టి ఉంచేది రెండు గంధకం అణువుల ముడి. చిన్నప్పటి గంధకం ఇక్కడ తేలింది.

కాగితం మీద వరస రాసుకుంటే సరిపోదు. అది నిజమో కాదో తెలియాలంటే ఒకటే దారి, ఆ వరసలో కూర్చి తయారుచేసి, అది పనిచేస్తుందో లేదో చూడ్డం. అప్పటికి హార్మోనుగా పనిచేసే ఇలాంటి ఎమైనో ఆమ్లాల గొలుసుని ఎవరూ తయారుచేయలేదు. షార్లెట్ రెస్లర్, జాన్ స్వాన్, కార్ల్‌టన్ రాబర్ట్స్, కట్సోయానిస్, గోర్డన్ – ఈ పేర్లు ఆయన పేరుతోపాటు చెప్పుకోవాలి. గంధకాల్ని ముందు బెంజైల్ అనే తొడుగుతో కప్పారు, లేకపోతే అవి పని మధ్యలో అడ్డదిడ్డంగా ముడిపడతాయి. తొమ్మిది ముక్కలూ చేరాక, ద్రవ అమ్మోనియాలో సోడియం వేసి ఆ తొడుగులు తీసేశారు. ఆ ఉపాయం డూ వీన్యో ఇరవై ఏళ్ల కిందట వేరే పనికోసం నేర్చుకుని ఉంచుకున్నదే. తర్వాత గాలి తగిలేలా ఉంచితే రెండు గంధకాలూ వాటంతటవే ముడిపడి కట్టు ఏర్పడింది.

చేతిలో తెల్లటి పొడి ఉంది. అది ఆక్సిటోసినేనా? రసాయన పరీక్షలు, స్ఫటికాలు అన్నీ సరిపోయాయి. ఎలుక గర్భాశయం మీద పనిచేసింది. అయినా అసలు పరీక్ష వేరే ఉంది. ప్రయోగశాల పక్కనే న్యూయార్క్ హాస్పిటల్. అక్కడ కొత్తగా కాన్పయిన తల్లులకి, పశువు నుంచి తీసినదీ, బుడ్డిలో చేసినదీ రక్తనాళంలోకి ఎక్కించి చూశారు. ఏదైనా సుమారు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షల వంతు. 20 – 30 సెకన్లలో పాలు దిగాయి. రెంటికీ తేడా లేదు. తల్లి మెదడు పంపిందా, మనుషులు చేసిందా అని రొమ్ము అడగలేదు.

1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఆయనొక్కడికే ఇచ్చారు. బహుమానం వచ్చాక కొందరు పని తగ్గిస్తారు. ఈయన మాత్రం ఆక్సిటోసిన్‌లో ఒక్కొక్క ముక్కా మార్చి, ఏది మారిస్తే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నాడు. వాసోప్రెసిన్‌కీ దీనికీ తేడా తొమ్మిదిలో రెండే ముక్కలు. ఒకటి కాన్పుకి పనికొస్తుంది, రెండోది మూత్రం అదుపుకి. 1962లో డి.బి. హోప్, వి.వి.ఎస్. మూర్తి అనే ఇద్దరితో కలిసి, ఒక చివరనున్న ఎమైనో గుంపు తీసేస్తే ఆక్సిటోసిన్ బలం ఇంకా పెరుగుతుందని చూపించాడు. ఆ కాగితం మీద మూర్తి అన్న పేరు చూడగానే నాకు ఎందుకో సంతోషం వేసింది.

ఆ చిన్న మార్పుకి ఇవాళ ఎంత విలువో చెప్పాలి. కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం తల్లుల్ని చంపే కారణాల్లో ముఖ్యమైనది. మాయ పడ్డాక గర్భాశయం గట్టిగా ముడుచుకుంటే దాని రక్తనాళాలు నొక్కుకుని రక్తం ఆగుతుంది. ముడుచుకోకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. అందుకని బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. కాని ఆ బుడ్డి 2 – 8 డిగ్రీల చలిలో ఉండాలి. కరెంటు పోయే ఊళ్లో, మే నెలలో, అది పాడైతే పైకి కనబడదు. సూది వేశామనుకుంటారు, రక్తం ఆగదు. కార్బెటోసిన్ అని తర్వాతివాళ్లు చేసిన మందులో ఆ చివరి ఎమైనో గుంపు లేదు, ఒక గంధకం స్థానంలో కర్బనం ఉంది. దాన్ని వేడికి తట్టుకునేలా తయారుచేశారు. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దాన్ని అవసరమైన మందుల జాబితాలో చేర్చింది.

ఈ మందుకి ఇంకో ముఖం ఉంది. పల్లెల్లో పుట్టినవాళ్లం కనక దాని గురించి మనమే మాట్లాడాలి. చేపని గేదెకి, తొందరగా పాలు కావలసిన గేదెకి, దూడ చచ్చిన గేదెకి, పేరూ ఊరూ లేని బుడ్డీల్లోంచి ఈ సూది వేసేవాళ్లున్నారు. పశువుకి హాని చేసేలా పాల కోసం సూది వెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ పాలు తాగితే పిల్లలకి ఏదో అవుతుందన్న భయం పట్నాల్లో చాలా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షిస్తే సూది వేసిన పశువుల పాలల్లో ఆక్సిటోసిన్ పెరిగినట్టు కనబడలేదు. ఉన్న కాస్తా మన పొట్టలో ఎమైనో ఆమ్లాలుగా అరిగిపోతుంది. నష్టపోయేది గేదె. రోజూ బయటినుంచి ఎక్కిస్తూ పోతే తనంతట తాను చేపడం తగ్గుతుందని ఆవుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత సూది లేనిదే పాలుండవు. ఈ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు ఈ మందు తయారుచేయకూడదని ఉత్తర్వు వేసింది. తల్లులకి మందు కొరత వస్తుందని గొడవ లేచి, ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వుని కొట్టేసింది. నా మట్టుకు నాకు కోర్టు చేసింది సరే అనిపిస్తుంది. గేదెని కాపాడబోయి బాలింతని చంపుకోకూడదు. కాని సూది బుడ్డీ సంతలో దొరక్కుండా చూసే పని మాత్రం అలాగే మిగిలిపోయింది.

మా ఇంట్లో ఒక ఈతకి దూడ పోయింది. సూది సలహా మాకూ వచ్చింది. మా అమ్మ ఒప్పుకోలేదు. రోజూ అదే వేళకి, అదే చెంబుతో, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, కుడితి ముందు పెట్టి ఓపిగ్గా కూర్చునేది. పది పన్నెండు రోజులకి, చెంబు చప్పుడు వింటేనే గేదె చేపడం మొదలెట్టింది. చప్పుడు చెవి నుంచి మెదడుకి, మెదడు నుంచి రక్తానికి, రక్తం నుంచి పొదుగుకి వెళ్లిందని ఇప్పుడు పుస్తకంలో చదువుకుంటున్నాను.

డూ వీన్యో 1967లో న్యూయార్క్ వైద్యకళాశాల వదిలి ఇథకాలో ఉన్న కార్నెల్ యూనివర్సిటీకి మారి అక్కడా పరిశోధన సాగించాడు. 1974లో పక్షవాతం వచ్చి పని ఆగిపోయింది. 1978 డిసెంబరు 11న కన్నుమూశాడు. కొడుకూ కూతురూ ఇద్దరూ డాక్టర్లయ్యారు.

ప్రేమ హార్మోను కథ నడిచింది ఆయన పోయాకనే. 1979లో పెడర్సన్, ప్రాంజ్ అనేవాళ్లు, ఈనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే అవి పరాయి పిల్లల్ని తల్లుల్లాగ చూసుకున్నాయని చెప్పారు. 1987లో కెండ్రిక్ బృందం గొర్రెల్లో అదే చూసింది. పరాయి పిల్లని కుమ్మి తరిమే గొర్రె దగ్గరికి రానిచ్చింది. దూడని విడిచేది పాలకోసమే అనుకుంటాం గాని, అదే పదార్థం మెదడులోపల కూడా పనిచేస్తోందని దీన్నిబట్టి తెలుస్తుంది. 2005లో జూరిచ్‌లో మనుషుల ముక్కులో ఆక్సిటోసిన్ తుంపర కొడితే ఎదుటివాణ్ణి ఎక్కువ నమ్మారని ప్రకటించారు. పత్రికలకి పండగ అయింది. తర్వాత పెద్దయెత్తున మళ్లీ చేసిచూస్తే ఆ ఫలితం నిలబడలేదు. జీవితాంతం జంటగా ఉంటాయని పేరున్న ప్రెయిరీ వోల్ అనే ఎలుకజాతి ప్రాణుల్లో, ఆక్సిటోసిన్ అందుకునే గ్రాహకమే లేకుండా చేసినా అవి జంట కట్టాయని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. ప్రేమ అంత తేలిగ్గా ఒక బుడ్డీలో పట్టే వస్తువు కాదు మరి.

చేపు దగ్గర మాత్రం అనుమానం లేదు. 1996లో, ఆక్సిటోసిన్ తయారుచేసే జన్యువే లేని చుంచెలుకల్ని పుట్టించారు. అవి మామూలుగానే చూలు కట్టాయి, మామూలుగానే ఈనాయి, పిల్లల్ని దగ్గరికి తీసుకుని గూట్లో పెట్టుకున్నాయి. పిల్లలు చన్ను పట్టుకున్నాయి. తల్లి ఒంట్లో పాలు నిండుగా ఉన్నాయి. అయినా ఒక్క చుక్క దిగలేదు, పిల్లలు ఒక్కరోజులోనే చచ్చిపోయాయి. తల్లులకి ఆక్సిటోసిన్ సూది వేసినప్పుడు, పిల్లలు చప్పరించగానే పాలు వచ్చాయి, అవి బతికాయి.